నోరు లేదు, మూత ఉంది

నర్సాపురం రేవులో నా ముందు చక్రాలు పంటు మీదికెక్కాయి. వెనక చక్రాలింకా పలకల మీదే ఉన్నాయి. సరిగ్గా అక్కడ ఆగిపోయాను. వెనక మోటారు సైకిళ్లు, ఓ కొబ్బరికాయల ఆటో, చెవులు చిల్లులు పడేలా హారన్లు. చినబాబు సెల్ఫ్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బ్యాటరీ మూలిగింది తప్ప ఇంజను అందుకోలేదు. పక్కన కూర్చున్న మేస్త్రి గారు తల పట్టుకున్నారు. పట్టుకోరూ మరి? ఆ పొద్దున్నే భీమవరంలో నాకు కొత్త కార్బురేటర్ కిట్టు వేసి, ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, "ఇంటికెళ్లేలోపు బండి ఆగితే నా పేరు మార్చుకుంటానండి" అన్నది ఆయనే.

పదిమంది కలిసి నన్ను పంటు మీదికి నెట్టారు. పంటు కదిలింది. వశిష్ఠ గోదావరి మధ్యలో, చచ్చిన ఇంజనుతో, బానెట్టు తెరిచి నిలబడ్డాను. అందరూ నా లోపలికి తొంగి చూసి తలో మాటా అనేవాళ్లే.

నేను జిప్సీని. 1987లో గుర్గావ్‌లో పుట్టినా మాది జపాన్ వంశం. హమమత్సు ఊళ్లో చేనేత మగ్గాలు చేయడంతో మొదలైన సుజుకీ వారి ఇంట 1970లో మా పెద్దాయన ఎల్‌జే10 అనే బుల్లి జీపు పుట్టింది. ఆ వరసలో వచ్చిన ఎస్‌జే410కి చాసిస్ సాగదీసి ఇక్కడ తయారుచేసినదాన్ని నేను. మగ్గాల ఇంటి పిల్లని కదా, బండారులంక మీదుగా వెళ్లినప్పుడల్లా మగ్గం చప్పుడు వినిపిస్తే పుట్టింటివాళ్లు పిలిచినట్టుంటుంది. ఇంజను 970 సీసీ, నాలుగు సిలిండర్లు, ముక్కీ మూలిగీ 45 గుర్రాల బలం. మామూలుగా వెనక చక్రాలకే లాగుడు. చిన్న గేరు కర్ర లాగితే నాలుగూ కదులుతాయి.

మొదట ఒక సర్కారు శాఖలో కొలువు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు ఆ వెలుగులో హెడ్‌లైట్లు లేకుండా నడిచిన రాత్రులున్నాయి. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కాట్రేనికోన వైపు బియ్యం బస్తాలు మోశాను. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉంటే వాటి మొదళ్ల మీంచి ఎక్కి దిగాను. నా వెనక కమాన్లలో ఒక పట్టీ విరిగింది అప్పుడే. తర్వాత వేలంలో పోయాను. అదీ నా మంచికే. ఇప్పటిదాకా కొలువులోనే ఉంటే, 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన సర్కారు బళ్లతో పాటు తుక్కు కింద పోయేదాన్ని.

వేలంలో కొన్నది ఒక రొయ్యల చెరువుల ఆసామి. అక్కడ పడ్డ అవస్థ గురించి ఎక్కువ చెప్పను. ఉప్పునీటి గట్ల మీద పన్నెండేళ్లు తిరిగితే చాసిస్ ఏమవుతుందో మీకు తెలుసు. అప్పడంలా అయింది. ఒకటి మాత్రం చెప్పాలి. కాపలావాడు రాత్రిళ్లు నా ట్యాంకులో పైపు పెట్టి పెట్రోలు పీల్చేస్తున్నాడని ఆసామి నా పాత మూత తీసి పారేసి, బజార్లో తాళం మూత కొని బిగించాడు. అది గుర్తుపెట్టుకోండి.

చినబాబుది రాజోలు తాలూకా, కొబ్బరితోటల ఇల్లు. ఫోనులో జపాన్ కొండదారుల వీడియోలు చూసీ చూసీ డ్రిఫ్టింగ్ పిచ్చి పట్టింది. మలుపులో వెనక చక్రాల పట్టు కావాలనే తప్పించి, స్టీరింగు ఎదురు తిప్పి, బండిని అడ్డంగా జార్చుకుంటూ పోవడం. కెయిచి సుచియా అనే ఆయన అందులో రాజట. టొయోటా ఏఈ86 అనే చిన్న కారు మహారాణి అట. అది మన దగ్గర దొరకదు, దొరికినా కొనలేడు. "జపాన్ బండి, వెనక చక్రాల బండి, లక్షలోపు" అని వెతికితే నేను దొరికాను. వాళ్లమ్మ గారు నన్ను చూసి, "పెళ్లిచూపులకి పంపితే పిల్ల తాతమ్మని తెచ్చాడు" అన్నారు. ఆవిడ మాటలు అంతేలెండి.

మేస్త్రి గారి షెడ్డులో నా చాసిస్‌కి అతుకులు పడ్డాయి. ఆ పని అవడానికి ఒక వానాకాలం మొత్తం మామిడిచెట్టు కింద పడి ఉన్నాను. తర్వాత స్టీరింగు వణుకు. యాభై దాటితే ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగేవి. టైర్లు మార్చారు, అలైన్‌మెంట్ చేయించారు, చివరికి కింగ్‌పిన్ బేరింగులు తీసి చూస్తే అవి బేరింగుల్లా కాక కాఫీపొడిలా ఉన్నాయి. రేడియేటర్ కడిగారు. ట్యాపెట్లు సరిచేశారు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మధ్య షాఫ్టుకి కొత్త క్రాసులు వేశారు. ప్రతి రోగానికీ ఒక పేరుంది, పేరున్న రోగానికి భయపడక్కర్లేదు.

ఇక డ్రిఫ్టు మాట. జూన్‌లో తొలకరి పడ్డ మర్నాడు, కాలువలకి ఇంకా నీళ్లు వదలకముందు, దాళ్వా కోసేసిన మడిలోకి దింపాడు. పైన పలచగా బురద, కింద గట్టి నేల. రెండో గేరు వేసి, స్టీరింగు తిప్పి, యాక్సిలేటర్ తొక్కాడు. నా వెనక భాగం నిజంగానే జారింది! ఒక్క క్షణం, అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఎడమ చక్రం ఒక్కటే గిరగిరా తిరగడం మొదలెట్టింది. డిఫరెన్షియల్ సంగతే అంత. పట్టు లేని చక్రం విడిగా తిరుగుతుంటే పట్టున్న చక్రానికీ బలం అందదు. గట్టు మీద నించున్న మేస్త్రి గారి తెల్లచొక్కా మీద బురద వాన కురిసింది.

"బాబాయ్, లోపల పళ్లచక్రాలు రెండూ కలిపి వెల్డింగ్ కొట్టేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయంట. వీడియోలో చూశాను."

"తిరుగుతాయి చినబాబు గారూ. బురదలో తిరుగుతాయి. తారు రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు యాక్సిల్ విరుగుతుంది. తర్వాత మీరు నడిచి తిరుగుతారు, ఆయ్."

అలా నా కడుపు కాలకుండా బయటపడ్డాను.

కాని ఆ మామిడిచెట్టు కింది నుంచి లేచాక ఒక కొత్త జబ్బు పట్టుకుంది. బాగా పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నట్టుండి దమ్ము తగ్గి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయేదాన్ని. ఒక అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేదాన్ని. కాయిల్ వేడెక్కుతోందన్నారు, కొత్తది వేశారు. పాయింట్లు, కండెన్సర్ మార్చారు. పెట్రోలు ఫిల్టరు. పెట్రోలు పంపు, అదే మేస్త్రీలు ఏసీ పంపు అంటారే, అదీ మార్చారు. పైగా ఇదొక తమాషా: షెడ్డులో ఎప్పుడూ ఆగలేదు. రెండొందల పెట్రోలు పోయించి ఊళ్లో తిప్పితే ఆగలేదు. ట్యాంకు నింపి దూరం బయల్దేరితేనే, ఇరవై ముప్పై కిలోమీటర్లకి పీక నొక్కినట్టయ్యేది. దాంతో చినబాబు బంకుల్ని అనుమానించాడు. ఈ బంకులో కల్తీ అని ఆ బంకు, అక్కడా కల్తీ అని ఇంకో బంకు. నాకు నొప్పి ఎక్కడో తెలుసు. చెప్పడానికి నోరు లేదు. నాకున్నది మూత ఒక్కటే, దానికీ తాళం.

పంటు నది మధ్యకి వచ్చింది. మేస్త్రి గారు కార్బురేటర్ గొట్టం ఊడదీసి, సెల్ఫ్ కొట్టించి చూశారు. పెట్రోలు చుక్క చుక్కగా వచ్చి ఆగిపోయింది.

"ట్యాంకు నిండా ఉంది, పంపు కొత్తది. ఎందుకు రావట్లేదంటారు?" అని ఎవరినీ కాకుండా గోదారినే అడిగారు.

నా పక్కన పదిహేను కిలోల నూనె డబ్బాలు నాలుగు పేర్చుకుని, వాటి మీద ఒక వంటాయన కూర్చున్నాడు. అంతర్వేదిలో పెళ్లి వంటకి వెళ్తున్నాడు. భుజాన తువ్వాలు, చెవిలో సగం బీడీ.

"మీ పనిలో వేలెట్టానని అనుకోకండేం. డబ్బాకి ఒకటే కన్నం పెడితే నూనె దిగదండి. గబుక్కున నాలుగు చుక్కలొచ్చి ఆగిపోద్ది. రెండో మూల ఇంకో కన్నం పెట్టాలి. గాలెళ్తేనే కదండీ నూనొచ్చేది?"

మేస్త్రి గారు ఆయన వంక చూశారు. డబ్బా వంక చూశారు. నా మూత వంక చూశారు.

"చినబాబు గారూ, తాళం తియ్యండి."

తాళం తిరిగింది. మూత కదిలీ కదలకుండానే ఉస్స్‌మని గాలి లోపలికి దూసుకుపోయింది. ఎంతసేపంటే, పంటు మీద కబుర్లాడుతున్న వాళ్లంతా నోరు మూసుకుని ఆ చప్పుడు విన్నంతసేపు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. రెండు లీటర్లు ఖర్చవగానే లోపల లాగుడు పెరిగి, పంపుకి పెట్రోలు వదిలేది కాదు. సగం ఖాళీగా ఉంటే ఆ బాధ ఆలస్యం. చినబాబు సెల్ఫ్ కొట్టాడు. మూడో తిప్పుకి అందుకున్నాను.

సఖినేటిపల్లి ఒడ్డున మేస్త్రి గారు నా కిందికి దూరారు. ఆ తాళం మూతకి గాలి కన్నమే లేదు. అయినా ఆసామి దగ్గర ఉన్నన్నాళ్లు ట్యాంకు పక్కనుండే సన్నటి గొట్టం నా ప్రాణం కాపాడింది. దాని కొసలో సైకిలు ఊచ పెట్టి పొడిస్తే గట్టి మట్టి ఉండ రాలింది. చితికి చూస్తే లోపల ఎండిపోయిన బుల్లి సాలీళ్లు ఏడో ఎనిమిదో. మామిడిచెట్టు కింద నేను పడి ఉన్న వానాకాలంలో ఏదో కందిరీగ తన పిల్లలకి కట్టిన ఇల్లు, దాచిన అన్నం.

మేస్త్రి గారు ఆ మట్టిని అరచేతిలో పెట్టుకుని లెక్కేశారు. కాయిల్, పాయింట్లు, కండెన్సర్, ఫిల్టరు, పంపు, ఆ పొద్దున వేసిన కిట్టు. చినబాబు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"బాబాయ్, ఇంటికెళ్లేలోపు ఆగితే పేరు మార్చుకుంటానన్నారు. ఏం పెట్టుకుంటారు మరి?"

"ఆ వంటాయన పేరే పెట్టుకుందును," అంటూ మేస్త్రి గారు రేవు వైపు చూశారు. నూనె డబ్బాలు ఎక్కించుకున్న ఆటో అప్పటికే అంతర్వేది రోడ్డెక్కింది. "అడగడం మర్చిపోయానండి."