నాలుగు బెజ్జాల జడ్డిగం

రాత్రి పదకొండు దాటితే బెంగళూరులో మా వీధి సద్దుమణుగుతుంది. పాప నిద్రపోయాక ఫోను పట్టుకుని ఆన్‌లైన్ అంగళ్ళన్నీ తిరగడం నాకు అలవాటు. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. అందులోనూ చేత్తో చేసిన పల్లె సామాను కనబడితే వేలు అక్కడే ఆగిపోతుంది.

ఎద్దుల మెడలో కట్టే గంటలు వాకిలికి వేలాడదీసే అలంకారంగా వస్తాయి. సేరు, పావుసేరు కొలతలు పూలకుండీలవుతాయి. పాత చీరలు చించి, పొరలు పొరలుగా పరిచి, మా అవ్వలు మధ్యాహ్నమంతా కూర్చుని కుట్టే బొంతను కన్నడంలో కౌది అంటారు. దాన్ని గోడకు తగిలించుకునే బట్టగా అమ్ముతున్నారు. అమెజాన్‌లో పిడకలు దొరుకుతాయని చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, ఫోను తీసి చూపించాల్సి వచ్చింది. 2017లో ఆస్ట్రేలియాలో ఒకాయన నులక మంచం అల్లి 990 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. మన డబ్బులో దాదాపు 50 వేలు. ఆ ప్రకటన దేశమంతా తిరిగింది. అందరూ నవ్వుకున్నారు గానీ నాకు నవ్వు రాలేదు. నులక పేనడానికి ఎంత చెయ్యి కావాలో మా నాయన పక్కన కూర్చుని చూసినవాణ్ణి. ఆ చేతికి అంత ధర పలకడంలో తప్పేముంది అనిపించింది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట ఆడించిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆటలు పిలిచేవాళ్ళు తగ్గాక అదే తోలు మీద, అదే రంగులతో ల్యాంపు షేడ్లు చేసి బతుకుతున్నారు. వాళ్ళలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద ఆడిన రాముడు ఎవరింట్లోనో దీపం చుట్టూ చేరాడు. బొమ్మ చోటు మారింది, చెక్కే చెయ్యి మాత్రం అదే. ఇట్లాంటివి చూస్తున్నప్పుడు నాకు ధైర్యంగా ఉంటుంది.

ఆ రాత్రి కూడా అట్లాగే చూసుకుంటూ పోతున్నా. ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

'నాలుగు కొవ్వొత్తుల పురాతన చెక్క స్టాండు. 80 ఏళ్ళ నాటిది. దక్షిణ భారత రైతు కుటుంబం తరతరాలుగా వాడినది. చేతుల రాపిడికి అరిగిన అంచును గమనించండి.' ధర ఏడు వేలు.

కొవ్వొత్తుల స్టాండు ఎందుకవుతుంది? అది జడ్డిగం.

సేద్యం ఎరగనివాళ్ళకు చెప్పాలి. విత్తనం వేసే గొర్రు మీద చెక్కతో తొలిచిన గిన్నె ఒకటి ఉంటుంది, అదే జడ్డిగం. అడుగున నాలుగు బెజ్జాలు. ఒక్కో బెజ్జంలోంచి ఒక్కో వెదురు గొట్టం గొర్రు పళ్ళ దాకా దిగుతుంది. మగమనిషి ఎద్దుల్ని తోలుతుంటే, ఆడమనిషి ఒడిలో గింజలు పోసుకుని వెనకే నడుస్తూ, గుప్పెట్లోంచి కొన్ని కొన్ని ఆ గిన్నెలోకి జారవిడుస్తుంది. పైన ఆమె వేళ్ళు ఎట్లా వదిలితే కింద సాలు అట్లా మొలుస్తుంది. వేళ్ళు తొందరపడితే ఒకచోట గుంపుగా లేస్తాయి, తడబడితే జానెడు ఖాళీ పడుతుంది. మొలకలు వచ్చాక ఊరంతా గట్టు మీద నిలబడి ఫలానా ఆమె చెయ్యి బాగుంది అని చెప్పుకునేవాళ్ళు.

మా అమ్మ చెయ్యి బాగుండేది. అయితే అది ఎడమ చెయ్యి.

అమ్మది ఎడమచేతి వాటం. కాపురానికి వచ్చిన మొదటి ఏడే విత్తనానికి ఎడమ చెయ్యి పెట్టిందని మా అవ్వ చేన్లోనే కేకలు వేసిందట. భూమితల్లికి ఎడమచేత్తో పెడతారా అని. అమ్మ కుడిచేత్తో ప్రయత్నిస్తే నాలుగు సాళ్ళు వంకర పోయాయట. అప్పుడు నాయన ఎద్దుల్ని ఆపి, "గింజకు చెయ్యి తెలుస్తుందా? పోయనీ" అన్నాడట. ఆ ఏడు శెనక్కాయ ఇల్లు నిండేంత పండింది. ఇంక అవ్వ నోరెత్తలేదు. ముప్పై ఏళ్ళకు పైగా అమ్మ ఆ చేత్తోనే పోసింది. మణికట్టు అంచుకు ఆనించి పోసే అలవాటు వల్ల జడ్డిగానికి ఎడమ పక్క బొటనవేలు పట్టేంత అరుగు పడింది.

గుండ్రటి గిన్నెకు ఎడమేది, కుడేది అనుకోవచ్చు. మా ఊరి ఆచారి చేసే జడ్డిగానికి ముందువైపు తాడు కట్టుకోవడానికి చిన్న చెవి ఒకటి ఉంటుంది. మరెక్కడా నేను అది చూడలేదు.

ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూశా. ముందు చెవి ఉంది. ఎడమ పక్క అరుగు ఉంది.

చెయ్యి వణికింది. ఎందుకంటే అమ్మ జడ్డిగాన్ని ఇంట్లోంచి పంపించింది నేనే.

మాది పావగడ తాలూకా. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, మూడు వైపులా ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాన కోసం ఆకాశం వైపు చూసీ చూసీ మెడలు పట్టేసిన ఊళ్ళు మావి. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ అయిదు ఊళ్ళ కింద 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. మొత్తం 2,050 మెగావాట్లు. భూమి కొనలేదు, 28 ఏళ్ళకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్ళకొకసారి నూటికి అయిదు పెరుగుతుంది. వేసిన విత్తనం కూడా తిరిగిరాని చేలకు అది మంచి లెక్కే. ఇప్పటికీ అదే అంటాను.

మాకు నాలుగున్నర ఎకరాలు. అమ్మ 2014లో పోయింది. ఆ తరవాత నాయన ఒక్కడే కూలి మనిషిని పెట్టుకుని రెండు పైర్లు పెట్టాడు. ఒకటి ఎండింది, రెండోదాంట్లో పశువుల మేత మిగిలింది. కౌలు మాట రాగానే నేను బెంగళూరు నుంచి వచ్చి కూర్చుని ఒప్పించా. "నలభై ఏళ్ళు ఎండలో తిరిగినావు. ఇంక నీడన కూర్చో నాయనా. ఏడాదికి ఇంత అని దుడ్లు ఇంటికే వస్తాయి" అన్నా. ఆయన ఏమీ అనలేదు. చూపిన చోట సంతకం పెట్టాడు. ఎద్దుల్ని అమ్మాం. పాత సామాను కొనే బండి వస్తే మడక, గుంటక, గొర్రు, దాంతో పాటు జడ్డిగం, అన్నీ కలిపి నాలుగు వందలకు నేనే ఎత్తించా. నాయన ఆ పొద్దు ఇంట్లో లేడు. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పార్కును ప్రారంభించారు. అప్పటికి మా కొట్టం ఖాళీ.

ఏడు వేలు కట్టేశా. నా భార్యకు కూడా తెల్లారాకే చెప్పా.

వారానికి పార్సెల్ వచ్చింది. విప్పగానే శెనక్కాయ నూనె వాసన. తుమ్మ చెక్క నల్లగా మెరుస్తోంది. అరుగులో నా మణికట్టు ఆనించి చూసుకున్నా. సరిగ్గా కూర్చుంది. చాలాసేపు అట్లాగే ఉండిపోయా. పాప వచ్చి బెజ్జాల్లో రెండు పెన్సిళ్ళు గుచ్చితే తీసేసి, "ఇది మీ అవ్వది" అని చెప్పా.

ఆ శనివారమే బయలుదేరా. శనిమహాత్మ గుడికి పోయే జనంతో బస్సు కిక్కిరిసింది. మధుగిరి దాటి, మడకశిర మీదుగా కాసేపు ఆంధ్రాలో పోయి, మళ్ళీ కర్ణాటకలో దిగితే పావగడ. దారి పొడుగునా సంచి ఒళ్ళోనే పెట్టుకున్నా. ఊరు దగ్గర పడేసరికి రెండు వైపులా నీలం పలకలు. మా చేను ఎక్కడిదాకా ఉండేదో గుర్తుపట్టడానికి నాకు ఒక వేపచెట్టు మిగిలింది. అది కంచెకు ఇవతల ఉంది కాబట్టి.

ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. ఎదురింటి పిన్నమ్మ, "మీ నాయన ఆచారి కొట్టం కాడ ఉంటాడప్పా. చేనికి పోయినట్టే తెల్లారితే పోతాడు, పొద్దు మునిగితే వస్తాడు" అంది. పొద్దు గడవక కబుర్లకు పోతున్నాడు కాబోలు అనుకున్నా.

కబురు పంపితే వచ్చాడు. చిక్కాడు గానీ నడకలో హుషారు ఉంది. గోళ్ళ సందుల్లో నల్లటి మసి. ఎడమ అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఏమైందంటే, "ఏం లేదప్పా, బొబ్బ" అన్నాడు.

అరుగు మీద కూర్చోబెట్టి సంచిలోంచి జడ్డిగం తీసి ఆయన చేతుల్లో పెట్టా.

"చూడు నాయనా, ఎవరిదో."

రెండు చేతులా పట్టుకున్నాడు. తిప్పి అడుగు చూశాడు. బెజ్జాల్లో వేలు పెట్టి చూశాడు. బొటనవేలితో అరుగు తడిమాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని, ఆ పూట నేను చేసిన తప్పు తీరిపోతుందని ఎదురుచూస్తూ కూర్చున్నా.

"ఎంతకు కొన్నావు?"

"ఏడు వేలు."

ఆయన పెదవులు కదిలాయి, లెక్క కట్టుకుంటున్నట్టు. "మొదటి ఏడాది కౌలు ప్రకారం ఎకరాకి నాలుగు నెలల దుడ్లు" అన్నాడు.

"ఎంతైతే ఏం నాయనా? అమ్మది."

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లేచాడు. "రా" అని ముందు నడిచాడు.

ఆచారి కొట్టం ఊరి చివర. లోపల ఆచారి ఉలితో పచ్చి తుమ్మ దుంగ తొలుస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఇంకో మూల గోనెపట్ట పరిచి ఉంది. పక్కన ఇసుక కుప్ప, చిల్లపెంకులో నూనె కలిపిన మసి, ఒక బానలో పేడనీళ్ళు. బానలో అప్పుడే తొలిచిన గిన్నె ఒకటి నానుతోంది.

"పోయిన ఉగాదికి ఎవరో ఒకాయన వచ్చినాడు" అన్నాడు నాయన. "ఊర్లో ఉన్న పాతవి ఏరుకొని పోయినాడు. అవి అయిపోయినాక, కొత్తవి చేసి పాతవాటి మాదిరి ఇయ్యమన్నాడు. చేసేది ఆచారి. పాతది చేసేది నేను. పేడలో నానబెట్టాల, ఇసుకతో రుద్దాల, గింజలు పోసి పోసి బెజ్జాల అంచులు మెత్తబరచాల. ఒక్కోదానికి నూటాయాభై ఇస్తాడు."

"నీకెందుకు నాయనా ఈ పని? కౌలు దుడ్లు వస్తున్నాయి కదా?"

"నీడన కూర్చుంటే పొద్దు పోలేదప్పా."

నా నోట మాట రాలేదు. చేతిలో ఉన్న ఏడు వేల జడ్డిగాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డా.

"మరి అమ్మది?"

గోడ గూటి వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఉంది. నేను తెచ్చినదానంత మెరుపు లేదు. ఒక పక్క చిన్న పగులు, పగులుకు ఇనప బద్దె. ఆ బద్దె ఎట్లా మరిచిపోయానో నాకే తెలియదు.

"నువ్వు బండికి ఎత్తించినావని తెలిసి, ఆ పొద్దే వెనకాల పోయినా. రొప్పం దారిలో దొరికినాడు. ఇరవై రూపాయలు తీసుకొని ఇచ్చినాడు. మొన్న వచ్చినాయన దాన్ని కూడా అడిగినాడు. ఇయ్యలేదు."

గూటి కింద చెక్క మీద, పంపడానికి సిద్ధమైనవి వరసగా బోర్లించి ఉన్నాయి. పదకొండు. నాయన ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పి పెట్టాడు. చెవులన్నీ ముందుకు వచ్చేటట్టు సర్దాడు. పదకొండింటికీ ఎడమ పక్కే అరుగు ఉంది.

"అన్నిటికీ ఎడమ పక్కేనా నాయనా? జనం కుడిచేత్తో కదా పోసేది?"

ఆయన గోనెపట్ట మీద కూర్చున్నాడు. అరచేతి గుడ్డ బిగించుకుని, ఇసుక అద్దుకుని, పన్నెండోది ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అరిగిన జడ్డిగం అంటే, ముప్పై ఏళ్ళు నేను వెనక్కి తిరిగి చూసింది అదొక్కటే కదప్పా."