చేపపిల్లల్ని చంపింది నేనే

దొరవారిసత్రంలో మా పెరటి తొట్టిలో చచ్చిపోయిన రోహు పిల్లల్ని చంపింది నేను, వాటిని అమ్మినతను కాదు. రోగం పట్టిన పిల్లల్ని అంటగట్టాడని అతని మీద నలుగురి దగ్గరా చెప్పాను. రైల్వేస్టేషను దగ్గర టీ బంకులో చెప్పాను, ఇంటికొచ్చిన బంధువులకు చెప్పాను, అడగనివాళ్ళకు కూడా చెప్పాను. అది అబద్ధమని తెలిసిన తర్వాత కూడా కొన్నాళ్ళు సరిదిద్దకుండా ఊరుకున్నాను. చేపలు పోయిన బాధకంటే ఆ ఊరుకోవడమే నన్ను ఎక్కువగా తినేసింది.

నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెబితే నా తెలివితక్కువతనం ఇంకా బరువెక్కుతుంది. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నత్రజని వలయం బొమ్మ నల్లబల్ల మీద ఏళ్ళ తరబడి గీశాను. అమ్మోనియా నుంచి నైట్రైట్‌కి ఒక బాణం, నైట్రైట్ నుంచి నైట్రేట్‌కి ఇంకో బాణం. మొదటి బాణం మీద నైట్రోసోమోనాస్, రెండోదాని మీద నైట్రోబాక్టర్ అని రాయించి, పరీక్షలో అవి తారుమారు చేసిన పిల్లలకు మార్కులు తగ్గించాను. బల్ల మీద బాణం గీయడానికి ఒక్క క్షణం చాలు. నీళ్ళలో ఆ పని జరగడానికి ఎంతకాలం పడుతుందో ఏ విద్యార్థీ నన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

నేను పెట్టింది ఆక్వాపోనిక్స్ తొట్టి. ఆక్వాపోనిక్స్ అంటే చేపల తొట్టి నీళ్ళను చిన్న మోటారుతో కంకర మడిలోకి ఎత్తడం, ఆ మడిలో కూరగాయలు పెంచడం, వేళ్ళు పీల్చుకోగా మిగిలిన నీళ్ళను మళ్ళీ చేపల దగ్గరికి పంపడం. నీళ్ళు పారబోసే పని లేదు, ఆవిరైనంత పోసుకుంటే చాలు. నెల్లూరు తీరంలో పుట్టినవాడికి ఈ మాట ఎంత ఆశ పుట్టిస్తుందో! టైగరు రొయ్య వచ్చినప్పుడు మా వైపు పొలాలు గుంటలుగా మారడం చూశాను. 1994–95లో తెల్లమచ్చ రోగం వచ్చి ఆ గుంటలు బోసిపోవడం చూశాను. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి మళ్ళీ నిండాయి. గుంట నీళ్ళు మార్చినప్పుడల్లా ఆ మురుగు కాలవల్లో పడుతుంది. పులికాట్ సరస్సుకి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్ళు నోట పెట్టుకోలేం. అలాంటి చోట ఒకే నీటితో చేపా కూరా రెండూ వస్తాయంటే మా నేలకు తగిన సేద్యం దొరికిందనిపించింది. ఇప్పటికీ అదే నా నమ్మకం.

విదేశీ పుస్తకాలు ఎక్కువగా తిలాపియా వేసుకోమంటాయి. మన చెరువుల్లో జిలేబీ చేప పేరుతో తిరిగేది ఆ జాతిదే, 1952లో మన దేశానికి తెచ్చారు. అది మిగతా చేపల్ని బతకనివ్వదని 1959లోనే పెంపకాన్ని నిషేధించారు. ఇప్పుడు గిఫ్ట్ రకం తిలాపియాను అనుమతి తీసుకుని పెంచుకోవచ్చు. ఆ దారిలోకి పోకుండా రోహు పిల్లలు తెచ్చుకున్నాను. నేను చేసిన పనుల్లో సరైనది అదొక్కటే.

తొట్టి సిమెంటుతో కట్టించాను. మేస్త్రీ వెళ్ళిపోయి తడి ఆరీ ఆరకముందే నీళ్ళు నింపాను. మా పిన్ని వచ్చి చూసి, "కొత్త తొట్టి గదా నాయనా, అరటిబోదె ముక్కలేసి కొన్నాళ్ళు నానబెట్టు. సున్నం ఘాటు పోవాల. ఆ నీళ్ళు పారబోసి అప్పుడు చేపల్నెయ్యి" అంది. తొట్లు కట్టుకున్న ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసిన సంగతి అది. సరేలే అన్నాను, చెయ్యలేదు. పిన్ని చదువుకోలేదు, నేను చదువుకున్నాను. ఇంతకంటే వేరే కారణం నా దగ్గర లేదు.

కంకరకు డబ్బెందుకని మడిలో గుల్లలు పోయించాను. తీరం వెంబడి ఒకప్పుడు గుల్లసున్నం కాల్చిన చోట్ల అవి కుప్పలుగా మిగిలి ఉంటాయి. వేళ్ళకు కాల్షియం అందుతుందని మా ఆవిడకు వివరించి మరీ చెప్పాను. తోటకూర, చుక్కకూర నారు నాటిన పొద్దే చేపపిల్లల్ని వదిలాను. త్వరగా ఎదగాలని అవి తిన్నా తినకపోయినా మేత చల్లాను.

వారం తిరక్కుండానే పిల్లలు నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. గాలి చాలలేదనుకుని చిన్న ఏరియేటరు పెట్టాను. పొద్దున లేచేసరికి కొన్ని వెల్లకిలా తేలుతుండేవి, వాటి మొప్పలు ఎర్రగా ఉబ్బి ఉండేవి. నీరసపడ్డాయేమోనని ఇంకాస్త మేత వేశాను. ఆ మేతే వాటికి విషమని నాకు తట్టలేదు. నాయుడుపేటలోనూ సూళ్ళూరుపేటలోనూ రొయ్యల రైతులకు నీటి పరీక్ష కిట్లు అమ్ముతారు. చేపలు బతికుండగా ఒక్క కిట్టు కొనలేదు. అన్నీ పోయాక కొన్నాను. అదీ అమ్మినతని తప్పు రుజువు చేద్దామనే. అమ్మోనియా చుక్కలు వేస్తే పసుపు రంగు రావలసిన చోట ముదురాకుపచ్చ వచ్చింది. పీహెచ్ 9కి దగ్గరగా ఉంది.

ఆ రెండు ఫలితాలు చూడగానే నాకు మొత్తం అర్థమైంది, ఎందుకంటే అది నేను చెప్పిన పాఠమే. చేప తిన్న మేతలోని నత్రజనిలో సుమారు మూడో వంతే దాని ఒంటికి పడుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువభాగం మొప్పల గుండా అమ్మోనియాగా బయటికొస్తుంది. నీళ్ళలో ఈ అమ్మోనియాకు రెండు రూపాలుంటాయి. అమ్మోనియం అయాను వల్ల చేపకు పెద్ద ప్రమాదం లేదు. అయాను కానిది మాత్రం మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దూరుతుంది. నీళ్ళు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, పీహెచ్ 7 అయితే ఈ విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 అయితే ఏడెనిమిది పాళ్ళు. 9 అయితే సగానికి దగ్గర. మా ఎండకు తొట్టి నీళ్ళు 30 డిగ్రీలు దాటడం మామూలే. పచ్చి సిమెంటు సున్నం వదులుతుంటే, గుల్లలు పీహెచ్‌ను కిందికి దిగనివ్వలేదు. అటు విషం పుట్టించే మేత వేసిందీ నేనే, ఇటు ఆ విషానికి పదును పెట్టిందీ నేనే.

మరి ఆ అమ్మోనియాను నైట్రేట్ చెయ్యవలసిన బాక్టీరియా ఏమైంది? ఇంకా పుట్టనేలేదు. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుకా సున్నపురాతి పొడీ నింపిన పొడవాటి గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా జారవిడిచారు. 20 రోజుల దాకా పైన పోసిన అమ్మోనియా అలాగే కింద దిగింది. ఆ తర్వాత అది తగ్గుతూ, దాని బదులు నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే ఆగిపోయింది. తాజా మట్టి కలిపిన నీళ్ళు పోస్తే కొన్నాళ్ళకు మళ్ళీ మొదలైంది. ఇది బతికున్నవాటి పని అని ప్రపంచానికి తెలిసింది అలాగే. ఆ జీవుల్ని విడదీసి చూపించింది తర్వాత పదేళ్ళకు పైగా గడిచాక వినోగ్రాడ్‌స్కీ. చాలా బాక్టీరియా అరగంటలో రెట్టింపైతే ఇవి రెట్టింపవడానికి ఇంచుమించు ఒక రోజు తీసుకుంటాయి. ఈ ప్రయోగం గురించి కాలేజీ రోజుల్లో చదివాను. ఆ 20 రోజుల్ని ఉత్త అంకెగా దాటేశాను. నా పెరట్లో ఆ అంకె మీదే చేపలు చచ్చాయి.

ఇదంతా తెలుసుకోవడానికి ఫ్రాన్సు దాకా పోనక్కర్లేదు. మా ఊరి పక్కనే నేలపట్టు చెరువు ఉంది. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యం చేశారు. అక్టోబరు నుంచి గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు వచ్చి, నీళ్ళలో సగం మునిగిన చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పులికాట్‌లో చేపలు పట్టి తెచ్చి పిల్లలకు మేపుతాయి. రెట్టలతో ఆకులన్నీ తెల్లబడతాయి, ఆ రెట్టంతా చెరువులో పడుతుంది. ఆ నీళ్ళు పారితే ఎరువు తక్కువ పడుతుందని రైతులు చెప్పుకుంటారు. అందుకే పక్షుల్ని ఎవరూ తోలరు. మళ్ళీ ఎక్కడ తప్పు చేస్తానోనని భయపడుతున్న రోజుల్లో ఆ వైపు పొలమున్న ఒక పెద్దాయనతో నా తొట్టి సంగతి చెప్పాను. ఆయన, "రెట్ట పడిన్నాడే పైరుకు పెడతామా అయ్యవారూ? చెరువు మాగాల గదా" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ చెరువు గట్టున తిరిగాను. ఎన్నో తరగతుల పిల్లల్ని తీసుకెళ్ళి పక్షుల పేర్లు చెప్పాను. చెరువు అడుగు బురదలో జరిగే పని గురించి ఒక్క మాటా చెప్పలేదు.

రెండోసారి పిన్ని చెప్పినట్టే చేశాను. అరటిబోదెలు నానబెట్టి నీళ్ళు పారబోశాను. గుల్లలు ఎత్తించి, ఇళ్ళకు వాడే 20 మిల్లీమీటర్ల నల్లకంకర కడిగి పోశాను. చెరువు మట్టి కొంచెం కావలసి వచ్చింది. అభయారణ్యంలో గుప్పెడు మట్టి కూడా తియ్యకూడదు, రొయ్య గుంట బురదలో ఉప్పు ఉంటుంది. మా ఆవిడ వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ గుంట నుంచి తెచ్చి కంకరలో కలిపాను. చేపలు లేకుండానే రోజుకు చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చాను. మొదట అమ్మోనియా పెరిగింది, అది తగ్గేసరికి నైట్రైట్ పెరిగింది. నైట్రైట్ కూడా చేపకు చేటే, రక్తం గోధుమరంగుకు తిరిగి ప్రాణవాయువు మొయ్యలేకపోతుంది. ఆ రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించేదాకా ఎదురుచూశాను. ఖాళీ నీళ్ళను పరీక్షిస్తూ కూర్చున్న ఆ వారాలు నాకు తోటపని కంటే కష్టమయ్యాయి.

మేత లెక్క కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న ఆక్వాపోనిక్స్ గురించి 589వ సాంకేతిక పత్రం వేసింది. చదరపు మీటరు ఆకుకూర మడికి రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత, వెయ్యి లీటర్ల నీటికి 20 కిలోలకు మించని చేపలు అని అందులో ఉంది. నేను ఆ హద్దులో సగానికి లోపలే ఉంటున్నాను. కరెంటు పోతే ఏరియేటరు ఆగకుండా బ్యాటరీ పెట్టుకున్నాను. ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఎరువుల కొట్లో దొరికే చీలేటెడ్ ఇనుము వేస్తున్నాను, మేతలో అది చాలినంత ఉండదు. బాక్టీరియా పని చేసేకొద్దీ నీళ్ళు ఆమ్లమవుతాయి కాబట్టి, పీహెచ్ 6.5 కిందికి జారినప్పుడు గుడ్డసంచిలో గుప్పెడు గుల్లలు కట్టి వేలాడదీస్తాను. మోతాదులో వాడితే అవే పనికొస్తున్నాయి. చుక్కకూర బాగా వస్తోంది. రోహు మెల్లగా ఎదుగుతోంది.

పిల్లలు అమ్మినతని దగ్గరికి మాత్రం తొట్టి కుదిరాకే వెళ్ళగలిగాను. చచ్చినవి నా చేతుల్లోనే చచ్చాయని, తన పేరు చెడగొట్టానని చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. "మీరు అయ్యవారు గదా సార్, మీరంటే జనం నమ్మేశారు" అన్నాడు. ఆ సీజనులో అతనికి పోయిన బేరాలు నేను తిరిగి తేలేను. ఎక్కడెక్కడ ఆ మాట అన్నానో అక్కడల్లా వెళ్ళి కాదని చెప్పాను. గుర్తులేని చోట్లు ఉంటాయి, అందుకే ఇలా రాస్తున్నాను.

పెరట్లో ఇలాంటి తొట్టి పెట్టుకోవాలనుకునేవాళ్ళకు ఒక మాట. మడిలో పోసే రాయి మీద ముందు కొంచెం వెనిగర్ పోసి చూడండి, బుస్సుమని పొంగితే వద్దు. చేపలకంటే ముందు పరీక్ష కిట్టు కొనండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఒక్క పిల్లను కూడా వదలకండి. పండిన మడిలోని కంకర కొంచెం కొత్త మడిలో కలిపితే బాక్టీరియా త్వరగా పట్టుకుంటుంది. మా ఊరి చుట్టుపక్కలవాళ్ళు ఎవరైనా రండి, నా మడిలోంచి ఒక బొచ్చెడు కంకర ఇస్తాను.