మంజీర ఒడ్డున ఆయిల్ ఇంజన్

ఈ ఆత్మకథ చెప్పేది ఒక ఆయిల్ ఇంజన్. ఊరు రాయికోడ్. మొదట మెదక్ జిల్లా, 2016 దసరా నుంచి సంగారెడ్డి జిల్లా. ‘నేను’ అనడం దీనికి రాదు. పుట్టిన నాటి నుంచీ తన గురించి మనుషులు మాట్లాడుకుంటుంటే వింటూ వచ్చింది కాబట్టి, తన సంగతి కూడా ఎవరిదో చెప్పినట్టే చెబుతుంది.

పుట్టింది గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో. నమూనా మాత్రం ఇంగ్లండ్‌ది. గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒక స్లో స్పీడ్ డీజిల్ ఇంజన్‌ను తెచ్చింది. దాన్ని చూసి రాజ్‌కోట్ కార్ఖానాలు అలాంటివే పోతపోసి దేశమంతా పంపాయి. ఒకటే సిలిండర్, అటొకటి ఇటొకటి పెద్ద చక్రాలు, నిమిషానికి 650 చుట్లు, ఆరు హెచ్‌పీ బలం. బరువు మూడు క్వింటాళ్ల పైమాటే. జహీరాబాద్ దాకా లారీలో వచ్చింది, అక్కడి నుంచి ఎడ్లబండి మీద. దింపేటప్పుడు బండి ఇరుసు విరిగిందని రైతు చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. ఇరుసు అంతకుముందే పగిలి ఉందని ఇంజన్ వాదన.

దాని పని మంజీర నీళ్లను పొలానికి ఎత్తడం. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన ఈ నది బీదర్ మీదుగా ఇటు వస్తుంది. సింగూరు దగ్గర దాదాపు 30 టీఎంసీల ప్రాజెక్టు కట్టాక వెనుక జలాలు రాయికోడ్ వైపు దాకా పరుచుకున్నాయి. నీళ్లు దగ్గరికొచ్చిన ఏడు ఇంజన్‌కు పండగ. వెనక్కి పోయిన ఏడు పైపులన్నీ కలిపినా అందేవి కావు.

రైతు కొడుకు ఒకసారి హైదరాబాద్ పోయి హుస్సేన్‌సాగర్‌లో స్పీడ్‌బోటు ఎక్కి వచ్చాడు. అప్పటి నుంచి వాడికి పడవల పిచ్చి. షెడ్డులో కూర్చుని ఫోన్‌లో జెట్ బోట్ల వీడియోలు చూసేవాడు. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో, రాళ్ల మీదుగా పడవ దూసుకుపోతుంటే నోరెళ్లబెట్టేవాడు. ఇంజన్‌కు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. ఆ పడవ కడుపులో ఉన్నది పంపే కదా! అడుగు నుంచి నీళ్లు పీల్చి, వెనక ఉన్న సన్నటి మూతిలోంచి జోరుగా కొడుతుంది. నీళ్లు వెనక్కి పోతే పడవ ముందుకు పోతుంది. ఇక్కడ పంపును సిమెంటు దిమ్మెకు బిగించారు కాబట్టి అది కదలదు, నీళ్లే పొలంలోకి పోతాయి. అంతకుమించి తేడా లేదు.

ఈ చుట్టరికం మరీ కల్పన కూడా కాదు. జెట్ బోటును పనికొచ్చేలా చేసిన విలియం హామిల్టన్ న్యూజిలాండ్‌లో గొర్రెలు పెంచే రైతు. ఐరిష్‌మన్ క్రీక్ అనే తన పొలంలోనే వర్క్‌షాపు పెట్టుకున్నాడు. అక్కడి నదులు లోతు తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. ప్రొపెల్లర్ పడవ వేస్తే రెక్కలు విరిగేవి. 1950ల మొదట్లో పంపుతో నడిచే పడవ చేసి, నీళ్లు చిమ్మే మూతిని నీటి మట్టానికి పైకి మార్చాక అది పరుగు అందుకుంది. 1960లో ఆయన పడవలు అమెరికాలో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదికి ఎదురీదాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ దగ్గర బయలుదేరి గంగమ్మకు ఎదురెక్కాడు. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడేదాకా ఆగలేదు. ఎవరెస్టు ఎక్కిన మనిషిని ఆపడానికి జలపాతమే కావలసి వచ్చింది.

ఇక అసలు కథ.

2015–16 కరువుకు సింగూరు అడుగంటింది. హైదరాబాద్‌కే అక్కడి నుంచి తాగునీళ్లు ఆగిపోయాయి, ఇంజన్‌ను అడిగేవాడెవడు? పెంటకుప్ప పక్కన షెడ్డులో, టాంకీలో సగం డీజిల్‌తో అలాగే ఉండిపోయింది. 2016 సెప్టెంబరు వానలకు ప్రాజెక్టు నిండి గేట్లు ఎత్తారు. యాసంగి శనగకు తడి పెడదామనుకునే సరికి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. కరెంటు మోటారు మూగబోయింది. అప్పుడు అందరికీ ఆయిల్ ఇంజన్ గుర్తొచ్చింది.

హ్యాండిల్ వేశారు. అస్సలు తిరగలేదు. ఇద్దరు కలిసి వేశారు. గట్టివాళ్లు మూడోవాణ్ని పిలిచారు. మనిషికి ఇంజన్ పలకకపోతే మొదట తోచేది బలం. ఒకడు బొటనవేలు హ్యాండిల్‌కు అవతలి వైపు పెట్టి పట్టుకున్నాడు. ఇంజన్ వెనక్కి తన్నితే ఆ వేలు విరుగుతుంది. నాలుగు వేళ్లున్న వైపే బొటనవేలూ ఉండాలి. ఆ రోజు వాడి అదృష్టం, ఇంజన్ తన్నే స్థితిలో కూడా లేదు.

సాయంత్రానికి జహీరాబాద్ నుంచి మిస్త్రీ వచ్చాడు. హ్యాండిల్ ముట్టనే లేదు. మొదట బెల్టు ఊడదీశాడు.

“బెల్టు ఎందుకు కాకా? ఇంజన్ కదా షురూ అయితలేదు?”

“ఆగు బిడ్డా. పట్టుకున్నది ఇంజనా, పంపా? ముందుగాల అది తేలాలె.”

బెల్టు తీశాక చక్రం చేత్తోనే తిరిగింది. పంపు పుల్లీ మాత్రం కదల్లేదు. విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కల మధ్య ఎండిన ఒండ్రు, దాంట్లో ఒక గోనెపట్టా పీలిక. ముగ్గురి బలం దాని మీద పోయింది.

జెట్ బోట్లలోనూ ఈ రోగమే తరచుగా కనిపిస్తుంది. చాలా వాటిలో ఇంజన్‌కూ పంపుకూ మధ్య క్లచ్ ఉండదు, న్యూట్రల్ ఉండదు. ఇంజన్ తిరిగితే ఇంపెల్లర్ తిరగాల్సిందే. లోతు లేని చోట పీల్చిన గులకరాయి ఒకటి ఇంపెల్లర్‌కూ గోడకూ మధ్య ఇరుక్కుంటే స్టార్టర్ మూలుగుతుంది. పడవ యజమాని బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటాడు. తెలిసినవాడు పంపు మీది మూత విప్పి లోపల చెయ్యి పెట్టి చూస్తాడు, ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకుని. పెట్రోలు పడవైతే ఇంకో రెండు సంగతులు. నడిపేవాడి చేతికి కట్టే కిల్ స్విచ్ తాడు తగిలించి ఉందా? ఇది చూడకుండా ఇంజన్ విప్పినవాళ్లు ఉంటారు. రెండోది ప్రాణానికి సంబంధించింది. పడవ అడుగున పెట్రోలు ఆవిరి పేరుకుంటుంది కాబట్టి స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు గాలి పంకా వేయమంటారు. నిప్పురవ్వ ముందు, గాలి తర్వాత అయితే పడవ మిగలదు.

డీజిల్‌కు నిప్పురవ్వ గొడవ లేదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన సూత్రమే ఇక్కడా. పిస్టన్ గాలిని పదిహేను, పదహారు వంతులు నొక్కితే ఆ గాలి అయిదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిల్ పొగమంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. కాబట్టి అడగాల్సినవి రెండే. గాలి నొక్కుడు పడుతోందా? డీజిల్ చిమ్ముతోందా?

మిస్త్రీ, ఎత్తితే నొక్కుడు వదిలే లీవరును దించి చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు. కొంతదూరం పోయి చక్రం వెనక్కి తన్నింది. “నొక్కుడు మంచిగనే ఉంది,” అన్నాడు. అంటే వాల్వులూ రింగులూ బాగున్నట్టే. ఇన్నాళ్ల తర్వాత తనను మెచ్చుకున్న మాట అదొక్కటేనని ఇంజన్ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

తర్వాత చెవి నాజిల్ దగ్గర పెట్టి, లీవరు ఎత్తి హ్యాండిల్ తిప్పించాడు. డీజిల్ చిమ్మినప్పుడల్లా నాజిల్ ‘కిర్రు’మనాలి. అనలేదు.

ఇంతలో ఒక కుర్రాడు పెట్రోలులో ముంచిన గుడ్డ తెచ్చి, గాలి పీల్చే చోట పెడదామన్నాడు.

“అరే, పాగల్ అయినవా? పగిలితే ఎవడు కడతడు? నీ మూతి కూడ మిగలదు,” అని మిస్త్రీ కసిరాడు. డీజిల్‌లా పెట్రోలు చెప్పిన చోట అంటుకోదు. పిస్టన్ పైకి వచ్చేలోపే భగ్గుమని ఇంజన్ పగలొచ్చు.

ఫిల్టర్ దగ్గర పైపు వదులు చేస్తే నాలుగు చుక్కలు కారి ఆగింది. టాంకీలో డీజిల్ ఉంది. పైపులో చెత్త లేదు. మిస్త్రీ కాసేపు ఆలోచించి టాంకీ మూత తెరిచాడు. అంతే, పైపులోంచి ధార కట్టింది.

మూతకు సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. డీజిల్ కిందికి దిగిన కొద్దీ దాని చోటులోకి గాలి పోవడానికి. ఆ రంధ్రం మీద కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. గాలి పోకపోతే డీజిల్ దిగదు. ముగ్గురు మగవాళ్ల బలానికి లొంగని పేచీ ఆ కందిరీగ చిటికెడు మట్టితో పెట్టింది! పడవల్లోనూ టాంకీ గాలిగొట్టం ఇలాగే మూసుకుపోతుంది, అక్కడ ఉప్పో సాలీడో.

సగం టాంకీతో నెలలు గడిస్తే లోపలి గోడలకు తేమ పట్టి అడుగున నీరు చేరుతుంది. మిస్త్రీ టాంకీ వంచి నీళ్లన్నీ పారబోసి కొత్త డీజిల్ పోయించాడు. ఇక లైనులో పట్టిన గాలి తీయాలి. దానికి వరస ఉంది. మొదట ఫిల్టర్ బోల్టు, తర్వాత పంపు స్క్రూ, చివర నాజిల్ దగ్గరి నట్టు. నురగ పోయి బుడగ లేని డీజిల్ వచ్చేదాకా ఒక్కొక్కటి వదులు చేసి బిగించాలి. తొందరపడి చివరిది ముందు విప్పితే మళ్లీ మొదటికి రావాలి.

హ్యాండిల్ తిప్పితే ఈసారి ‘కిర్రు’ వినిపించింది. “ఇగ వెయ్యి బిడ్డా, జోరుగ!” లీవరు ఎత్తి చక్రాన్ని ఊపందుకునేలా తిప్పి, లీవరు పడేశారు. తెల్లటి పొగ ఒక గుప్పెడు, ఒక దగ్గు, తర్వాత దడ్, దడ్, దడ్.

బెల్టు వేశాక కొత్త పేచీ. ఇంజన్ నడుస్తోంది, నీళ్లు రావడం లేదు. పంపు గాలిని పీల్చలేదు, దాన్ని నీళ్లతో నింపాలి. బిందెలతో ఎన్ని పోసినా నిలవలేదు, ఫుట్‌వాల్వు కింద చీలిపోయి ఉంది. దాని తోలు మార్చేసరికి చీకటి పడింది. పైగా పంపు ఎంత లోతు నుంచైనా పీల్చగలదని రైతు నమ్మకం. గాలి ఒత్తిడి నీటిని ఎత్తగలిగేది లెక్కప్రకారం పది మీటర్ల చిల్లర, ఆచరణలో ఆరేడు మీటర్లే. పంపును ఒడ్డు కిందికి జరిపాకనే ధార నిండుగా పడింది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఇంజన్‌కు మళ్లీ షెడ్డే గతి. పాత ఇనుము కొనేవాడు అప్పుడప్పుడు వచ్చి కాలితో తట్టి చూసి ధర చెబుతాడు, ఇంజన్‌కు అది అవమానంగా ఉంటుంది. రైతు కొడుకు మాత్రం అమ్మనివ్వడు. వానాకాలం ముందు టాంకీ ఖాళీ చేసి, మూత రంధ్రంలో సన్నటి తీగ పెట్టి చూసి, లీవరు ఎత్తి నాలుగు చుట్లు తిప్పి పోతాడు.

మిస్త్రీ ఆ మధ్య వేరే పని మీద వస్తే వాడు మనసులో ఉన్నది అడిగేశాడు.

“కాకా, దీన్ని పడవల పెట్టి జెట్ పంపు కట్టుకుంటే సింగూరుల తిరగొచ్చా?”

మిస్త్రీ ఇంజన్ చుట్టూ ఒకసారి నడిచాడు. “జెట్ పంపుకు నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు కావాలె. ఇది ఆరు వందల యాభై కాడ్నే ఆగుతది. బరువేమో మూడు క్వింటాళ్లు.”

“అయితే పడవ పోదా?”

“ఎందుకు పోదు బిడ్డా? పోతది. కిందికి.”