మూడో నెల వైద్యం

అశ్వారావుపేట రోడ్డు మీద లారీల హారన్లు, గుడి మైకు, పామాయిల్ గెలలు వేసుకెళ్ళే ట్రాక్టర్లు, వీటన్నిటికీ జంగారెడ్డిగూడెంలో మా వీధి అలవాటు పడిపోయింది. మా మనవడికి మాత్రం ఇంకా పడలేదు. వాడు సాయంత్రం ఆరున్నరకి గుక్క పట్టాడంటే ఎదురింటివాళ్ళు టీవీ సౌండు పెంచుతారు. పక్కింటివాళ్ళు టీవీ కట్టేసి మా ఇంటికొస్తారు. ఇబ్బందంతా ఈ రెండో రకంతోనే.

ఊరికే రారు కదా, తలా ఓ వైద్యం పట్టుకొస్తారు. "బొడ్డు చుట్టూ ఇంగువ రాయండి వదినగారూ" అని ఒకావిడ. "ఇంగువకేం తగ్గుద్దండీ, వాము నీళ్ళు పట్టండి" అని ఇంకొకావిడ. పక్షిదోషం అని తేల్చినవాళ్ళున్నారు, గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి సిందూరం తెచ్చి నుదుట పెట్టినవాళ్ళున్నారు. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తే నోరు బాగా తిరుగుతుందని ఓ పెద్దాయన సలహా. ఉన్న నోరు చాలదా అండీ!

మా ఆవిడ మేనత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళు కారేలా దగ్గాం. "ఘాటొచ్చింది, దిష్టి లేదు" అని తీర్పు చెప్పింది. మరి ఏడుపో అంటే, "అది వేరే" అంది.

గ్రైప్ వాటర్‌ది ఇంకో చరిత్ర. 1851లో ఇంగ్లండులో విలియం వుడ్‌వర్డ్ అనే ఆయన తయారుచేశాడు. పాతకాలపు తయారీలో ఆల్కహాల్ కూడా ఉండేది. అది పడితే పిల్లలు ఎందుకు ఊరుకునేవారో మా ఊళ్ళో పొద్దుగూకాక చాలామందికి విడమరిచి చెప్పక్కర్లేదు.

చివరికి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడ మావాడు బుద్ధిమంతుడిలా నవ్వాడు. ఆయన బరువు చూశాడు, పాలు తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా అని అడిగాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఇది కోలిక్ అన్నాడు. 1954లో మోరిస్ వెసెల్ అనే అమెరికా డాక్టరు దీనికో లెక్క కట్టాడట: రోజుకి 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలు దాటి ఏడవాలి. మావాడు ఫస్టు క్లాసులో పాసు. 1962లో బ్రాజెల్టన్ అనే ఇంకో డాక్టరు తల్లుల చేత డైరీలు రాయించి చూస్తే, ఏడుపు ఆరో వారానికి బాగా ముదిరి, మూడో నెల వచ్చేసరికి దానంతటదే తగ్గిందట. ఎక్కువగా ఏడ్చేది సాయంత్రాలేనట. ఎందుకలా అంటే కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో వాము నీళ్ళకి తెరపడింది.

అప్పుడు నాకు ఊళ్ళోవాళ్ళ వైద్యాల గుట్టు బోధపడింది. ఆరో వారంలో చేసిన వైద్యం ఎవరికీ గుర్తుండదు. మూడో నెలలో ఎవరి చెయ్యి పడితే వాళ్ళదే హస్తవాసి. మావాడికిప్పుడు రెండు నెలలు దాటాయి. ఇప్పుడు వైద్యం చెప్పేవాళ్ళు అదృష్టవంతులు.

జపానువాళ్ళ పద్ధతి వేరు. టోక్యోలో సెన్సోజీ అనే గుడి దగ్గర సుమో వస్తాదులు పసిపిల్లల్ని ఎత్తుకుని పనిగట్టుకుని ఏడిపిస్తారు. ఆ ఏడుపుకి దుష్టశక్తులు పారిపోయి బిడ్డ ఆరోగ్యంగా పెరుగుతుందని నమ్మకం. మనకి దిష్టి పోతే ఏడుపు పోతుంది, వాళ్ళకి ఏడిస్తే దిష్టి పోతుంది. మావాణ్ణి పంపితే పోటీకి ఎవరూ మిగలరు.

ఆ దేశంలోనే రికెన్ అనే పరిశోధన సంస్థవాళ్ళు 2022లో ఒక సంగతి కనిపెట్టారు. ఏడ్చే బిడ్డని ఎత్తుకుని 5 నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయాక వెంటనే పక్క మీద వెయ్యకుండా మరో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. "దీనికి జపాను దాకా ఎందుకురా" అంది మా అమ్మ. నిజమే గానీ, మా అమ్మ నిమిషాలు చెప్పలేదు. ఇప్పుడు ఆ డ్యూటీ నాదే. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కట్టెలు ఎగదోస్తూ రాత్రుళ్ళు మేలుకున్నవాణ్ణి, నిద్ర చాలకపోవడం నాకు కొత్త కాదు. కాకపోతే బ్యారన్‌కి థర్మామీటరుంటుంది, లోపలేం జరుగుతోందో తెలుస్తుంది.

డాక్టరు చెప్పినవాటిలో నవ్వులాటకు తీసుకోకూడనివి రెండున్నాయి. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలున్నా, పాలు మానేసినా, పచ్చగా వాంతులైనా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఎంత విసుగొచ్చినా బిడ్డని పట్టుకుని కుదపకూడదు, మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదికొస్తుంది. ఓపిక నశిస్తే మంచం మీద కాదు, దొర్లి పడిపోని చోట వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు వసారాలోకి వెళ్ళి రావాలి. ఏడిస్తే ఏడవనివ్వండి అన్నాడు. మా అమ్మాయి ఆ మాటకి ఆయన వంక చూసిన చూపు, గుళ్ళో దేవుడి వంక కూడా చూసి ఉండదు.

కాబట్టి బిడ్డని చూడ్డానికొచ్చే బంధుమిత్రులకి మనవి. ఇంగువ, వాము, వస మీ ఇంటి దగ్గరే ఉంచి రండి. సబ్బుతో చేతులు కడుక్కుని వాణ్ణి ఓ గంట ఎత్తుకోండి, మా అమ్మాయి పడుకుంటుంది. సరిగ్గా ఆరున్నరకి వస్తే మరీ సంతోషం.