రిజిస్టరులో చావు లేదు

అమృతం కోసం దేవతలూ రాక్షసులూ కొండను మోసుకొచ్చి, పామును చుట్టి, పాలసముద్రాన్ని చిలికి నానా అవస్థ పడ్డారు. మధ్యలో విషం పుట్టి గొడవైంది, పంపకాల్లో మోసం జరిగింది. ఇంత యాతన లేకుండా అందరూ వరసగా వెళ్లి ఏదో ఒక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేర్లు రాయించుకుని ఉంటే పోయేది. ఒక్కసారి మొత్తం లెక్కలోకి ఎక్కిన పేరుకు ఇక చావు లేదు, ముసలితనం లేదు, రిటైర్మెంటు లేదు. మనిషి మస్కట్ వెళ్లినా, ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉన్నా, ఆఖరికి కాటికి చేరినా, పేరు మాత్రం తెల్ల యూనిఫాం వేసుకుని దేశసేవలో నిలబడే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది 33.41 లక్షల మంది. ఏఎన్ఎంలు, జీఎన్ఎంలు, బీఎస్సీలు, లేడీ హెల్త్ విజిటర్లు, అందరూ కలిపి. జనాభాలో వెయ్యికి 1.96 మంది. ఉండాల్సింది వెయ్యికి 3 అని, అది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానమని ఆ జవాబుల్లోనే ఉంటుంది. చూశారుగా, ఎంత చేరువకొచ్చామో! ఇంకొక నర్సూ, మరో నర్సు చిటికెనవేలూ దొరికితే లెక్క తేలిపోతుంది.

తీరికుంటే ఆ 1.96 ఎలా పుట్టిందో కాగితం మీద వేసి చూడండి. 33.41 లక్షలను దేశ జనాభాతో భాగిస్తే వెయ్యికి 2.4 దాకా రావాలి. డాక్టర్ల లెక్క చెప్పేటప్పుడు ప్రభుత్వం ముందే ఒక మాట అనేసుకుంటుంది: నమోదైన వాళ్లలో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారని అనుకుంటున్నాం, అని. అదే కత్తెర నర్సుల మీదా వేసి చూస్తే అంకె బుద్ధిగా వచ్చి 1.96 దగ్గర కూర్చుంటుంది. అనుకోవడానికి ఖర్చేముంది? చనిపోయినవాళ్లు, విదేశాలకు పోయినవాళ్లు, నైట్ డ్యూటీలు చేయలేక మానేసినవాళ్లు, నర్సింగ్ చదివి బీమా పాలసీలు అమ్ముకుంటున్నవాళ్లు, అంతా ఆ మిగిలిన 20 శాతంలో సర్దుకోవాలి. సర్దుకోలేని వాళ్లు దయచేసి బతికిరావాలి.

సర్దుబాటు ఇష్టం లేని పరిశోధకులు కొందరు ఉంటారు. 2021లో వాళ్ల అధ్యయనం ఒకటి అచ్చయింది. దాని ప్రకారం జాతీయ ఖాతాల్లో 10 వేల జనాభాకు నర్సులూ మిడ్‌వైఫ్‌లూ 17.7. ఇంటింటికీ వెళ్లి ఏం పని చేస్తున్నారని అడిగే జాతీయ శాంపిల్ సర్వే చూస్తే 10.6. ఆ పనికి తగిన చదువు ఉందా అని ఇంకో ప్రశ్న వేస్తే 6. రెండే రెండు ప్రశ్నలకు మూడింట రెండొంతుల మంది మాయమైపోయారు. మూడో ప్రశ్న వేయకపోవడం వాళ్ల మంచితనం.

ఏటా మే 12న నర్సింగ్ కాలేజీల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫొటోకు దండ వేసి, కొవ్వొత్తులు పట్టుకుని ప్రమాణం చేయిస్తారు. ఆవిడ చేతిలోని దీపం మనకు బాగా గుర్తుంది. రెండో చేతిలో లెక్కల పుస్తకం ఉండేదని ఎవరూ గుర్తుచేయరు. క్రిమియా యుద్ధంలో సైనికులు తూటాలకన్నా ఆసుపత్రి మురికిలో పుట్టిన రోగాలకే ఎక్కువగా చచ్చిపోయారని బొమ్మలు గీసి మరీ బ్రిటిష్ సర్కారు మొహాన పెట్టిన మనిషి ఆవిడ. లండన్ స్టాటిస్టికల్ సొసైటీకి తొలి మహిళా సభ్యురాలు. చనిపోయినవాళ్లను చనిపోయినట్టు రాసింది కాబట్టే ఆవిడ లెక్క పనికొచ్చింది. ఈ రోజుల్లో అయితే ఆ సైనికులందరినీ 80 శాతం అందుబాటులో చూపించి ఇంకో యుద్ధానికి పంపేవాళ్లం.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. 2014లో ఉద్యోగుల్ని పంచారు, అప్పులు పంచారు, నీళ్లు ఇంకా పంచుతూనే ఉన్నారు. నర్సుల రిజిస్టరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందుకని విభజన తర్వాత కొన్నేళ్లపాటు పార్లమెంటులో పెట్టిన పట్టికల్లో ఒక వింత కనిపించేది. ఆంధ్రప్రదేశ్ వరుసలో రిజిస్టర్డ్ నర్సులు 2 లక్షలకు పైనే, తెలంగాణ వరుసలో వేలల్లో. ఉస్మానియాలో, గాంధీలో, నిమ్స్‌లో పాతికేళ్లుగా సూదులు వేస్తున్న సిస్టర్లంతా పట్టికలో మాత్రం కృష్ణ దాటి వెళ్లిపోయారు. ఆ పట్టిక చూసి ఎవరైనా దిల్లీ మేధావి తెలంగాణకు తక్షణం లక్షమంది నర్సులు కావాలనీ, ఆంధ్రాలో నర్సులు పొంగిపొర్లుతున్నారనీ నివేదిక రాసి ఉంటే తప్పు ఆయనది కాదు.

కర్నూలు నుంచి అలంపూర్ వైపు వెళ్లాలంటే తుంగభద్ర వంతెన దాటితే చాలు. జ్వరం దాటుతుంది, డెంగీ దోమ దాటుతుంది, అటువైపు రోగులు ఆటో కట్టించుకుని కర్నూలు పెద్దాసుపత్రికి వస్తారు. వాళ్లలో ఎవరికీ ఎన్ఓసీ అక్కర్లేదు. ఆ ఆసుపత్రిలో వాళ్లకు సెలైన్ పెట్టిన సిస్టర్ పెళ్లై గద్వాలకు కాపురానికి వెళితే మాత్రం, అక్కడ అదే సెలైన్ పెట్టడానికి పాత రాష్ట్రం కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ, వెరిఫికేషన్, కొత్త రాష్ట్రం కౌన్సిల్‌కు దరఖాస్తు, ఫీజు, కొత్త నంబరు కావాలి. నరం అదే, సూది అదే. పాతచోట పేరు కొట్టేస్తే దేశానికి ఒక నర్సు. కొట్టేయకపోతే ఇద్దరు. భర్తకు బెంగళూరు బదిలీ అయితే ముగ్గురు. ఈ పద్ధతిలో కొరత తీర్చవచ్చన్న సంగతి నీతి ఆయోగ్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

అమెరికాలో కూడా లైసెన్సులు రాష్ట్రాలవే. అయితే 40కి పైగా రాష్ట్రాలూ ప్రాంతాలూ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. టెక్సాస్‌లో స్థిరపడి అక్కడి మల్టీస్టేట్ లైసెన్సు తీసుకున్న నర్సు ఫ్లోరిడాలో మరో లైసెన్సు లేకుండా పనిచేయవచ్చు. అక్కడ మరో చోద్యం కూడా ఉంది. రెండు మూడేళ్లకోసారి నర్సులకే ప్రశ్నాపత్రం పంపి, మీ వయసెంత, ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, ఎప్పుడు మానేద్దామనుకుంటున్నారు అని అడుగుతారు. 2022లో అడిగితే నాలుగో వంతుకు పైగా మంది ఐదేళ్లలో రిటైరవుతామనో మానేస్తామనో చెప్పారు. దాన్నిబట్టి ఏ రాష్ట్రంలో ఎప్పుడు ఎంతమంది తగ్గుతారో అంచనా వేసుకుంటారు. మన నర్సుల్ని అలా అడగడం ప్రమాదం. నిజం చెప్పేస్తారు.

పైగా ఆ నిజం ఒకలా ఉండదు. కొరత కొరత అంటున్న రోజుల్లోనే తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వస్తే సుమారు 40 వేల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. తర్వాత పోస్టులు పెంచి, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు. సంతోషం. మిగిలిన 33 వేల మంది ఏమిటి మరి? వాళ్లు కొరతా, మిగులా? నాకు తెలిసినంతలో సర్కారు నిఘంటువులో నర్సు ఉద్యోగం అడిగినప్పుడు మిగులు, కాలేజీకి అనుమతి ఇచ్చేటప్పుడు కొరత, జర్మనీ పంపేటప్పుడు మళ్లీ మిగులు. కరోనా మొదటి అల, రెండో అల మధ్య అయితే దేవత. అలలు తగ్గాక, 2021 జులైలో, తెలంగాణలో 1,640 మంది అవుట్‌సోర్సింగ్ నర్సులను ఇక రావద్దన్నారు. అంతకుముందు వాళ్ల కోసం పళ్లాలు మోగించాం, హెలికాప్టర్లతో పూలు చల్లించాం. జీతం ఇవ్వడంతో పోలిస్తే పూలు చవక.

మార్కెట్ సూత్రాలు తెలిసినవాళ్లు నాకు ఒక సందేహం తీర్చాలి. ఉల్లిపాయలకు కొరత వస్తే ధర పెరుగుతుంది. నర్సులకు కొరత వస్తే ధర ఎందుకు పెరగదు? ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ ఒక మెట్ల లెక్క ఇచ్చింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 100 నుంచి 200 లోపు అయితే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, అంతకన్నా చిన్నదైనా 20 వేలకు తగ్గకూడదు. అమలు రాష్ట్రాలకు వదిలారు. రాష్ట్రాలు ఆసుపత్రులకు వదిలాయి. ఆసుపత్రులు దేవుడికి వదిలాయి. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో ఏ నర్సింగ్ హోమ్‌లోనైనా బీఎస్సీ పాసైన అమ్మాయిని జీతమెంతమ్మా అని అడగండి. ఆమె ముందు తలుపు వైపు చూస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయంటే యాజమాన్యం బీరువా వైపు చూస్తుంది. బాండ్ ఎన్నేళ్లంటే ఇక ఎటూ చూడదు, పక్క బెడ్డు దగ్గరికి వెళ్లిపోతుంది.

సరే, ఇప్పుడున్న వాళ్ల గొడవ ఎందుకు, భవిష్యత్తు చూద్దాం. భవిష్యత్తులో అన్నీ కాలేజీలే. 2023 బడ్జెట్లో కేంద్రం 157 నర్సింగ్ కాలేజీలు ప్రకటించింది, ఆ తర్వాత 1,570 కోట్లకు ఆమోదం తెలిపింది. కాలేజీ పెట్టడం మనకు తేలిక. అందులో పాఠం చెప్పే మేడమ్, రోగులున్న ఆసుపత్రి దొరకడమే కష్టం. మధ్యప్రదేశ్‌లో ఇది ఏ స్థాయికి వెళ్లిందంటే, హైకోర్టు ఆదేశంతో సీబీఐ 308 నర్సింగ్ కాలేజీలను తనిఖీ చేసింది. 169 బాగున్నాయంది, 73లో లోపాలున్నాయంది, 66 పనికిరావంది. తర్వాత 2024 మేలో, బాగున్నాయని రాయడానికి లంచాలు తీసుకున్నారని సీబీఐ తన మనుషులనే అరెస్టు చేసింది. అప్పుడు హైకోర్టు ఆ 169 కాలేజీలనూ మళ్లీ చూడమంది, ఈసారి పక్కన జడ్జీలను పెట్టి. ఆ కాలేజీల్లో పాసైన వాళ్లూ రేపు రాష్ట్ర రిజిస్టరులో వరస నంబర్లే అవుతారు. నంబరు చూసి ఎవరు రోగి దగ్గర నేర్చుకున్నారో, ఎవరు ఫొటోలో నేర్చుకున్నారో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

మనకు చాలకపోతే చాలకపోనీ, లోకానికైనా పనికొస్తారుగా అనే ఉదారులూ ఉన్నారు. 2023లో ప్రపంచం మొత్తానికి 58 లక్షల మంది నర్సులు తక్కువపడ్డారని, 2030 నాటికి కూడా 41 లక్షల లోటు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, వినగానే చెవులు నిక్కపొడుచుకునేది మనమే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన పిల్లలకు జర్మన్ నేర్పించి మరీ జర్మనీ పంపుతోంది. హైదరాబాద్‌లో కూర్చునే అమెరికా వాళ్ల ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయవచ్చు. వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను. ఇక్కడ బీరువాలో సర్టిఫికెట్లు పెట్టుకునే దొర కన్నా, అక్కడ ముసలాయన పక్కన కూర్చోబెట్టి నెలకు రెండు లక్షలు పైన ఇచ్చే దొర నయం. జర్మనీవాడు తన దేశంలో ఎంతమంది ముసలివాళ్లు కాబోతున్నారో లెక్కపెట్టుకుని వచ్చాడు, అంతే తేడా.

మనం లెక్కపెట్టామా? ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7కు, తెలంగాణలో 1.8కి పడిపోయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ముఖ్యమంత్రులే మైకు పట్టుకుని ఇంకా కనండి బాబూ అంటున్నారు. ఉన్న ఒక్క కొడుకు డాలస్‌లో, కోడలు అక్కడే, గుంటూరులో అమ్మానాన్నలిద్దరికీ షుగరూ బీపీ, ఒకరికి డయాలిసిస్. ఇంటికొచ్చి చూసుకునే నర్సు ఏ జిల్లాలో ఎంతమంది కావాలో, ఐసీయూకి ఎంతమందో, తాలూకా ఆసుపత్రిలో పురిటి గదికి ఎంతమందో విడివిడిగా అంచనా వేయడాన్నే భవిష్యత్ అవసరాల లెక్క అంటారు. మన సూత్రం ఇంకా సులువు: జనాభా వేసుకో, మూడుతో హెచ్చించు, వెయ్యితో భాగించు, బల్ల చరిచి కాలేజీ మంజూరు చెయ్.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టానికి బదులు 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. జాతీయ నర్సింగ్ కమిషన్, రాష్ట్రానికో కమిషన్, అందరి వివరాలతో ఆన్‌లైన్ జాతీయ రిజిస్టరు, అన్నీ అందులో ఉన్నాయి. అంతకుముందే నర్సులకు ఆధార్‌తో కలిపిన జాతీయ గుర్తింపు నంబరు ఇచ్చే ట్రాకింగ్ విధానమూ మొదలైంది. మంచిదే. నాకున్న భయమల్లా ఒకటే. ఆ పని నిజంగా చేసేస్తే వెయ్యికి 1.96 కాస్తా ఎంతకు దిగుతుందో? ఇన్నేళ్లుగా కూడబెట్టిన నర్సుల్ని ఒక్క క్లిక్కుతో పోగొట్టుకునే ధైర్యం ఏ ఆరోగ్య శాఖకు ఉంటుంది?

దానికన్నా సురక్షితమైన దారి ఉంది. ఎవరి పేరూ కొట్టేయొద్దు. ఏటా కాలేజీల నుంచి వచ్చేవాళ్లను చేర్చుకుంటూ పోదాం. దేశం ఏం చేసినా చేయకపోయినా ఏదో ఒక సంవత్సరం ఆ అంకె 3కు చేరి తీరుతుంది. ఆ ఏడు మే 12న రాజధానిలో పెద్ద సభ పెట్టి, కేకు కోసి, మంత్రిగారి చేతుల మీదుగా పది మంది సిస్టర్లకు శాలువాలు కప్పాలి. ఆ పది మందినీ ఒక పూట సభకు పంపడానికి ఏ ఆసుపత్రి ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒప్పుకుంటుందో మాత్రం ఇప్పటినుంచే కనుక్కోవాలి. జనరల్ వార్డులో ఐదుగురు రోగులకొక నర్సని నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఆ ఇన్‌ఛార్జ్ సిస్టర్ డ్యూటీ చార్టులో ఆ మధ్యాహ్నం షిఫ్టుకు 40 బెడ్లు, రెండు పేర్లు, అందులో ఒకటి మెటర్నిటీ లీవు.