కుదురుకోని వీణ

మా విజయనగరంలో సంగీతం రానివాడు దొరకొచ్చు గాని, సంగీతం మీద అభిప్రాయం లేనివాడు దొరకడు. 1919లో రాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరు మరి. టీ కొట్టు దగ్గర కూడా గ్లాసు చల్లారేలోపు ఇద్దరు విద్వాంసుల్ని దించేసి మూడోవాణ్ణి ఎక్కించేస్తారు. మా వీధిలో వీణ బాబాయి మాత్రం ఆ గొడవల్లో తలదూర్చడు. ఆయనకు సంగీతంతో పని లేదు. చెక్కతో పని.

ఆయన కుడిచేతి మెటిక ఎప్పుడూ ఊరుకోదు. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు తట్టి చూస్తాడు, తీయమని కాదు, ఏ చెక్కో తెలుసుకుందామని. తర్వాత కుర్చీ, బల్ల, అలమర. కొడుక్కి పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల కాఫీ పట్టుకొస్తుంటే ఈయన సోఫా చెయ్యి మీద రెండు దెబ్బలు కొట్టి, "టేకన్నారు, లోపలంతా డొల్ల" అన్నాడు. వియ్యాలవారు ఆ మాట కట్నం గురించనుకున్నారు. పిన్ని సర్దిచెప్పబట్టి సంబంధం నిలిచింది.

పెళ్ళిభోజనాల్లో పనసపొట్టు కూర వడ్డిస్తే అందరూ ఆవ ఘాటు ఎలా కుదిరిందో చూస్తారు. బాబాయి వడ్డించేవాణ్ణి ఆపి, "కాయ సరే నాయనా, మాను వయసెంత?" అంటాడు. పనసచెట్టు కనబడితే ఆయన కళ్ళకు కాయలు ఆనవు. మొదట్లో కుండ, పైకి వెళ్తే దండి, కొసన యాళి ముఖం. వీణ మొత్తం చెట్టులో నిలబడి ఉంటుంది, అడ్డంగా పడుకోబెట్టేవాడే కరువు.

ఇంట్లో ఆయనకో బొబ్బిలి వీణ ఉంది. వాళ్ళబ్బాయి పుట్టిన ఏడు గొల్లపల్లి నుంచి తెచ్చాడు. ఇంతవరకు ఒక్కసారి వాయించలేదు. అడిగితే, "పచ్చి చెక్కరా, ఇంకా కుదురుకోలేదు" అంటాడు. ఆ అబ్బాయి చదువు ముగించాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, పెళ్ళాడాడు, హైదరాబాదులో ఫ్లాటు కొన్నాడు. వాడు కుదురుకున్నాడు గాని వీణ కుదురుకోలేదు.

ఓసారి నన్ను గొల్లపల్లి తీసుకెళ్ళాడు. బొబ్బిలి పక్కనే ఉన్న ఊరు. సర్వసిద్ధి కుటుంబాల వాళ్ళు తరతరాలుగా అక్కడ వీణలు చేస్తున్నారు. బొబ్బిలి అనగానే లోకానికి 1757 నాటి యుద్ధం గుర్తొస్తుంది. బాబాయి లెక్కలో అది వీణల చరిత్రకు మధ్యలో వచ్చిన చిన్న అంతరాయం. బస్సు దిగిందగ్గర్నుంచి ఏకాండి పురాణం మొదలైంది. ఏకాండి అంటే కుండా దండీ విడివిడిగా చేసి అతికించకుండా ఒకే మానులోంచి తొలిచిన వీణ. "అతుకుల వీణ ఎలాంటిదంటే, ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళు. పైకి అంతా బాగానే ఉంటుంది, ఎండాకాలం వస్తే బీట ఇస్తుంది." పక్క సీటావిడ ఎందుకో దీర్ఘంగా నిట్టూర్చింది.

అక్కడ పని చూస్తుంటే ఈయన పిచ్చికి కారణం లేకపోలేదనిపించింది. నిన్నటిదాకా దుంగ. దాన్ని బాడిసతో చెక్కి, ఉలితో లోపలంతా తోడేసి, గోడ మందం వేళ్ళతో తడిమి చూసుకుంటున్నారు. మందమైతే పలకదు, పలచనైతే నిలవదు. ఇదంతా ఒక ఎత్తు, మెట్లు కూర్చడం ఒక ఎత్తు. దండి మీద రెండు వరసల మైనం. వేడి చేసి మెత్తబరిచి, దాని మీద 24 మెట్లు ఒక్కొక్కటే పెట్టాలి. ఆ పెద్దాయన ఓ మెట్టు పెడతాడు, తీగ మీటుతాడు, చెవి వంచుతాడు, బొటనవేలితో వెంట్రుకవాసి జరుపుతాడు. మళ్ళీ మీటుతాడు. తలాడించడు, పెదవి విరవడు, పక్క మెట్టుకు వెళ్ళిపోతాడు. నేను చూస్తుండగా ఒక్క మెట్టు దగ్గరే తొమ్మిది సార్లు ఆగాడు. కొలబద్ద లేదు, యంత్రం లేదు. బాబాయి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పురిటిగది బయట కూడా ఆయన అలా నిలబడలేదని పిన్ని అంటుంది.

"ఒకప్పుడు రాగం మారినప్పుడల్లా మెట్లు జరుపుకునేవారురా పాపం" అన్నాడు బాబాయి గుసగుసగా, ఆ పాపంలో తనకూ భాగమున్నట్టు. "తంజావూరులో మన రఘునాథ నాయకుడి కాలంలో ఈ 24 స్థిరపడ్డాయి. సర్వరాగ మేళ వీణంటే ఇదే. ఏ రాగమైనా సరే, కదలక్కర్లేదు." పదిహేడో శతాబ్దపు రాజును ఆయన పక్కవీధి మేనల్లుడిలా తలుచుకుంటాడు.

పని ముగించి పెద్దాయన వీణ ఇటు తిప్పాడు. "బాబూ, ఓపాలి మీటి సూడండి."

బాబాయి తడబడ్డాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు, బిరడలు లెక్కపెట్టాడు, నాలుగు తంత్రులూ మూడు తాళపు తీగలూ ఉన్నాయని నాకు చూపించాడు. యాళి కోరలు పొగిడాడు. ఆఖరికి, "చేతులు కడుక్కోలేదండీ" అన్నాడు. తిరుగు బస్సులో బొబ్బిలి దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత షోకేసుల్లో పెట్టుకునే బుల్లి వీణల మీద విరుచుకుపడ్డాడు. సన్మానాల్లో శాలువాతోపాటు చేతిలో పెడతారే, అవి. వాటి మీద ఆ కుటుంబాలకు నాలుగు డబ్బులొస్తాయి కదా అంటే, "వస్తాయి, అందుకే ఊరుకున్నాను" అన్నాడు.

కచేరీలకు క్రమం తప్పకుండా వెళ్తాడు. వీణ మీద తీగలు ఆనే గుర్రం కనబడేలా ఓ పక్కకు కూర్చుంటాడు. చిట్టిబాబుగారి కోయిల విని హాలంతా వసంతంలోకి వెళ్ళిపోతే, ఈయన మాత్రం ఆ కుండ ఏ ఊరి మానుదో అనుకుంటూ ఇంటికొచ్చాడట. గుర్రం అంటే ఆయనకు ప్రాణం. తీగ దాని మీదుగా వెళ్ళే చోట లోహపు రేకుకు సన్నని వంపు ఉంటుంది. వీణకు ఆ రవళి అంతా ఆ వంపులోనే ఉందట. "సర్ సి.వి. రామన్ 1921లోనే రాశాడు బాబూ! మామూలు తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఏ అనుస్వరం చచ్చిపోవాలో శాస్త్రం ఉంది. వీణా తంబురా ఆ శాస్త్రాన్ని లెక్కచేయవు. చావాల్సిన స్వరం బతికే ఉంటుంది!" ఇదంతా కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడికి గుమ్మంలో ఆపి చెప్పాడు. ఆ కుర్రాడు మర్నెల నుంచి మా ఇంటి వైపు నుంచే మొదలుపెడుతున్నాడు, కనీసం నాలుగిళ్ళయినా పూర్తవుతాయని.

ఎండలు ముదిరితే మైనం మెత్తబడుతుంది, మెట్టు జారుతుంది. అమ్మకు ఉక్కపోత అని కొడుకు ఏసీ పంపితే బాబాయి దాన్ని వీణగదిలో పెట్టించాడు. "వీణ దయతలిస్తే నేనూ అక్కడే ఓ మూల పడుకుంటున్నాను" అంది పిన్ని, కాఫీ అందిస్తూ. ఆవిడ ఎడమచేతి వేళ్ళ కొసల్లో నల్లగా గాట్లు కనిపించాయి. కత్తిపీటవి కాబోలనుకున్నాను. సరిగ్గా అప్పుడే బాబాయి నాకు పాఠం చెబుతున్నాడు: "వైణికుణ్ణి గుర్తుపట్టాలంటే మొహం చూడకు. ఎడమచెయ్యి చూపుడువేలు, నడిమివేలు చూడు. తీగ కోసిన గాట్లుంటాయి. వెయ్యిమందిలో ఉన్నా నేను పట్టేస్తాను." పిన్ని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఒకటో తారీకు పొద్దున్న బాబాయి పింఛను కోసం బ్యాంకుకు వెళ్తే, పత్రిక ఇచ్చొద్దామని వెళ్ళాను. కిటికీలోంచి వీణ వినబడుతోంది. రేడియో అనుకున్నాను. ఒక గమకం సరిగ్గా రాక ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది. రేడియో అలా వెనక్కి వెళ్ళదు కదా. తలుపు తోశాను. పిన్ని కొంగు బొడ్లో దోపుకుని, ఒళ్ళో వీణతో కూర్చుని ఉంది. పొయ్యి మీద కుక్కరు మూడో కూత వేసింది.

"పెళ్ళికాక ముందు కాలేజీలో మూడేళ్ళు నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో మీ బాబాయి ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు" అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"దుమ్ము దులపడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి."

ఈ లోగా గేటు చప్పుడైంది. వీణ గవిసెనలోకి, పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయాయి. బాబాయి వస్తూనే వీణగదిలోకి నడిచి, గవిసెన తీసి, కుండ మీద మెటికతో కొట్టి, చెవి ఆనించాడు. మొహం వెలిగిపోయింది.

"చూశావట్రా! చెయ్యి పడకుండానే నాదం ఎలా విచ్చుకుంటోందో! ఇంకో రెండేళ్ళు ఆగామంటే కుదురుకుంటుంది."

నేను నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మంలోంచి పిన్ని కళ్ళతోనే వద్దంది. తర్వాత వీధి గుమ్మం దాకా వచ్చి చెవిలో చెప్పింది: "కుదురుకుందని తెలిస్తే ఇంకోటి కొంటారు నాయనా. ఈ ఇంట్లో రెండో ఏసీ పెట్టడానికి గోడ లేదు."