నామనిర్ణయాధికారి సెలవులో నున్నాడు

మిరపకోతలు ముగిసి, పంటఋణముల కాగితములకై నందిగామ డివిజను రైతులు బ్యాంకులచుట్టును ప్రదక్షిణములు చేయు దినములలో, జగ్గయ్యపేటయం దొక గృహస్థు, తహసీల్దారు కచేరీ మెట్లెక్కు శ్రమ తప్పునుగదా యని, తన యింటి కంప్యూటరులో ప్రభుత్వపు భూరికార్డులుండు మీభూమి సైటు తెఱచి అడంగలు చూడగోరెను. అట్టి సైటు తనకు దొరకలేదని యంత్రము నిర్వికారముగా విన్నవించెను. రైలుటిక్కెట్ల సైటును దొరకలేదు, వార్తాపత్రికయు దొరకలేదు. రౌటరుమీద ఎఱ్ఱదీపము లేదు గనుక తీగ తెగలేదు. నెలబిల్లు చెల్లించినాడు గనుక కనెక్షను కోయబడలేదు.

ఇట్టి యాపత్సమయములందు మన ప్రాంతమున ఉపదేశకులకు కొఱతలేదు. కేబులు కుఱ్ఱవాడు ఫోనులో, "రౌటర్ ఆపేసి రెండు నిమిషాలాగి వెయ్యండి బాబాయ్ గారూ, అదే వస్తది" అనెను, వేసినను రాలేదు. నందిగామలోని కంప్యూటరు దుకాణమువాడు పెట్టెను చూడకయే, "వైరస్ అండీ, ఫార్మాట్ కొట్టాల్సిందే" అని తీర్పు చెప్పెను. ఆ కొట్టుడుతో మనుమరాలి పెండ్లిఫొటోలు కూడ కైలాసమునకు బోవునని మాత్రము చెప్పలేదు. కంపెనీవారి నడుగగా, ఫిర్యాదులు తమ వెబ్‌సైటునందే స్వీకరింపబడునని సెలవిచ్చిరి.

తుదకు హైదరాబాదునుండి మేనల్లుడు, "మామయ్యా, నల్ల కిటికీ తెరిచి, పింగ్ కొట్టి, నాలుగు ఎనిమిదులు మధ్యలో చుక్కలతో వెయ్యి" అనెను. 8.8.8.8 నుండి తక్షణమే బదులు వచ్చెను. పేరు వ్రాసి యడుగగా మౌనము. అంకె పలుకును, పేరు పలుకదు: రోగనిర్ణయ మంతయు నింతియే. దారి సుగమముగనే యున్నది. ఫలానావారి యిల్లెక్కడో చెప్పవలసిన గుమాస్తా, అనగా కంపెనీవారి డీఎన్ఎస్ సర్వరు, కునుకు తీయుచున్నాడు.

ఈ గుమాస్తాగిరి పుట్టుక వినదగినది. పూర్వము, ఇంటర్నెట్టునకు మూలమైన అర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నియు కాలిఫోర్నియాయందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందము నడిపిన యొక్క జాబితాలో నిమిడియుండెడివి. ఆ జాబితా మోయరానిదగుచుండగా, 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ యధికారమును పలువురికి పంచిపెట్టు పద్ధతిని రచించెను. నేడు మీభూమి చిరునామా యడిగినచో, పదుమూడు పేర్లతో చలామణియగు మూలసర్వర్లు "మాకు తెలియదు, .ఇన్ వారి నడుగుము" అనును; .ఇన్ వారు గవ్.ఇన్ వైపునకును, వారు ఏపీ.గవ్.ఇన్ వైపునకును చూపుదురు. ఇది మన కచేరీల పద్ధతియే యని పాఠకులు పొరపడరాదు. అచ్చట "మాకు తెలియదు" అను ప్రతి యధికారియు తరువాతి గది యెక్కడో చెప్పి మఱి పంపును. పని రెప్పపాటులో తీరును. మధ్యాహ్నభోజన విరామము లేదు.

చికిత్స స్వల్పము. నెట్‌వర్క్ సెట్టింగులలో కంపెనీ గుమాస్తాను తొలగించి, 2009నుండి గూగుల్ కొలువులోనున్న 8.8.8.8ను, 2018నుండి క్లౌడ్‌ఫ్లేర్ కొలువులోనున్న 1.1.1.1ను నియమించి, పిదప ఐపీకాన్ఫిగ్ ఫ్లష్‌డీఎన్ఎస్ అను ఆజ్ఞతో యంత్రము పాతజ్ఞాపకములను కడిగివేయవలెను. "లేదు" అను సమాధానమును కూడ యంత్రము కొంతసేపు మఱువదు గావున నీ కడుగుడు అవసరము.

మనుష్యుల కీ సౌకర్యము లేదు. 2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ రెండును కృష్ణాజిల్లానుండి ఎన్టీఆర్ జిల్లాలోనికి వచ్చినను, మాటవరుసకు మనవారి నాలుకపై నిప్పటికిని కృష్ణాజిల్లాయే. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర వెలయించుటకు ముందు బేతవోలుగ నుండిన పేటకు పేరుమార్పు క్రొత్తగాదు లెండి. ఉత్తరములు మాత్రము దారితప్పుటలేదు. జిల్లా మారినను పేటకు 521175, నందిగామకు 521185 అను పిన్‌కోడులు మారలేదు, తపాలావారు చూచునది అంకెనే.

అడంగలు కనబడిన పిమ్మట కేబులు కుఱ్ఱవాడు దర్శనమిచ్చి, తెరవంక చూచి, "చూశారా బాబాయ్ గారూ, ఆఫీసులోంచే సెట్ చేయించాను" అని టీ త్రాగి వెడలెను. ఆ సాయంకాలమే, తా మెన్నడును నమోదుచేయజాలని ఫిర్యాదు పరిష్కృతమైనదనియు, సంతృప్తిని వెబ్‌సైటునందు అయిదు నక్షత్రములతో ప్రకటింపవలసినదనియు గృహస్థు ఫోనునకు సందేశము వచ్చెను.